కాలువ గట్టున 233 కిలోమీటర్లు.. చెరువు కట్టపై సాధన

చిక్కబళ్లాపురం: జిల్లాలో చెరువులకు కొదవ లేదు. నిండు నది నీళ్లు పారే కాలువకే కరవు. అట్లాంటి చోట పుట్టి, కాలువ గట్టు మీద వంద మైళ్లకు పైబడిన పరుగుకు పేరిస్తానంటే ఊళ్లో నవ్వేవాళ్లే ఎక్కువ. అయినా ఆ ఆశ పుట్టే రోజులొచ్చాయి. నందికొండ కింద తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లు ఇప్పుడు కొత్త కాదు. పది కిలోమీటర్లయింది, హాఫ్ మారథాన్ అయింది, 42 కిలోమీటర్ల ఫుల్ కూడా అయింది. ఇక తర్వాత ఏంది? అక్కడి నుంచి మొదలవుతుంది అల్ట్రా మారథాన్ కథ. 42 కిలోమీటర్లు దాటిన ఏ పరుగైనా అల్ట్రానే. అందులో కాలువ గట్టు పరుగులది వేరే దారి.

ఈ తరహా పరుగుల్లో పేరున్నది ఇంగ్లండులోని గ్రాండ్ యూనియన్ కెనాల్ రేస్. బర్మింగ్‌హామ్‌లో గ్యాస్ స్ట్రీట్ రేవు దగ్గర మొదలై లండన్‌లోని లిటిల్ వెనిస్ దగ్గర ముగిసేలా దీన్ని నిర్వహిస్తూ వచ్చారు. దూరం 145 మైళ్లు, అంటే 233 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం పోతే ఎంతో, దానికి ఇంకాస్త ఎక్కువ. గడువు 45 గంటలు. మే నెలాఖరులో శనివారం ఉదయం 6 గంటలకు బయలుదేరితే సోమవారం తెల్లవారుజామున 3 గంటలకల్లా చేరాలి. మధ్యలో రెండు రాత్రులు. ఎక్కడైనా 40 నిమిషాలకు మించి ఆగితే పోటీ నుంచి తప్పిస్తారు. పడుకోవడం అనే మాటే లేదు.

లెక్క చూస్తే నడకే!

233ను 45తో భాగిస్తే గంటకు 5.2 కిలోమీటర్లు. సంతకు ఆలస్యమైపోయిన రైతు నడిచే వేగం కూడా దాదాపు అంతే. అంటే ఇది వేగం పరీక్ష కాదు, ఆగకుండా ఉండే పరీక్ష. తిండికి, నీళ్లకు, సాక్సు మార్చుకోవడానికి, చెట్టు చాటుకు పోవడానికి పట్టే సమయమంతా ఆ 45 గంటల్లోనే.

తొలిసారి పోయేవాళ్లు మొదటి 50 కిలోమీటర్లలోనే అంతా పోగొట్టుకుంటారు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, పక్కవాడు ముందుకు పోతుంటాడు, కాలు ఆగదు. అందుకే మొదటి గంట నుంచే నడకను కలపడం మేలు. ఇరవై ఐదు నిమిషాలు గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పరుగు, ఐదు నిమిషాలు చురుకైన నడక. ఇట్లా పోతే మొదటి వంద కిలోమీటర్లకు 13 గంటల పైచిలుకు పడుతుంది. మిగిలిన 133 కిలోమీటర్లకు ఇంకా 31 గంటలకు పైగా చేతిలో ఉంటాయి. గంటకు 4.2 కిలోమీటర్లు నడిచినా గట్టెక్కొచ్చు. మధ్య చెక్‌పాయింట్లకు వేరే గడువులుంటే వాటినీ కాగితం మీద రాసుకోవాలి. నడక అవమానం అనుకునేవాళ్లు ఈ పోటీకి పోకపోవడమే మంచిది.

నడక ఈ సీమకు కొత్తది కాదు. చింతామణి, బాగేపల్లి వైపు నుంచి తిరుమలకు కాలినడకన పోయే భక్తులు ఎప్పటి నుంచో ఉన్నారు. బూట్లు లేకుండా రోజుల తరబడి నడిచి, చెట్టు కింద అన్నం వండుకుని పోయేవాళ్లకు ఏ కోచ్ చెప్పాడు? ఇంట్లో అట్లా పోయొచ్చిన తాత, అవ్వ ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడిగితే పాదాల గురించి పుస్తకాల్లో లేని సంగతులు చెబుతారు. తేడా ఒక్కటే. వాళ్లు రాత్రికి పడుకుంటారు.

తాడు లాగినోళ్ల బాట

కాలువ గట్టు బాట పరుగు కోసం పుట్టింది కాదు. ఇంజన్లు లేని రోజుల్లో పడవను గుర్రం చేత లాగించేందుకు కాలువ పొడుగునా వేసిన దారి అది. గ్రాండ్ యూనియన్‌లో ముఖ్యమైన భాగం 1805 నాటికే పూర్తయింది. చాలా కాలువలను 1929లో ఒకటి చేసి ఇప్పటి పేరు పెట్టారు. నీటి మట్టం మారేచోట పడవను ఎత్తి దించే లాకులుంటాయి. హాటన్ అనే చోట వరసగా 21 లాకులు. బ్లిస్‌వర్త్ దగ్గర కాలువ దాదాపు 3 కిలోమీటర్ల సొరంగంలోకి పోతుంది. లోపల గట్టు లేదు. ఆ కాలంలో గుర్రాన్ని పైనుంచి నడిపించేవారు, ఇప్పుడు రన్నర్లూ గుట్ట మీదుగానే పోవాలి.

మన వైపూ ఈ కథ ఉంది. బకింగ్‌హామ్ కాలువలో పడవలను గట్టు మీద నుంచి తాడు కట్టి లాగింది మనుషులే. కర్నూలు - కడప కాలువను 1863 - 1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది సాగుకే కాదు, పడవలకు కూడా. కంపెనీ లెక్క తప్పి 1882లో ప్రభుత్వం కొనాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఇక చిక్కబళ్లాపురం సంగతి. నందికొండ చుట్టుపక్కల పుట్టిన నీళ్లే పెన్న, చిత్రావతి, పాపాగ్నిగా మారి ఆంధ్రకు పోతాయి. పుట్టినచోట మాత్రం ఇసకే. కాలువల ఇంజనీరుగా దేశానికి పేరు తెచ్చిన విశ్వేశ్వరయ్య పుట్టింది ఈ నంది కిందున్న ముద్దేనహళ్లిలోనే. పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. ఆయన పేరు పెట్టిన కాలువ ఉన్నది మాత్రం మండ్యలో! నీళ్ల కోసం 2016 మార్చిలో ఇక్కడి రైతులు ట్రాక్టర్లతో బెంగళూరు వైపు కదిలి లాఠీ దెబ్బలు తిన్నారు. ఈ జిల్లాలకని తలపెట్టిన ఎత్తినహొళె పథకం తొలిదశ ఎత్తిపోతలను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. ఆ పథకంలో నీళ్లు వాటంతటవే పారే కాలువ పొడవు సుమారు 250 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు ఈ పోటీ దూరమే.

సాధన ఎక్కడ?

కాలువ లేకుంటే చెరువు కట్ట. సాధనకు అది చాలు. మట్టి బాట, పక్కనే నీళ్లు, పొడుగునా ఒకే మట్టం. కాలువ గట్టు లక్షణాలన్నీ ఉన్నాయి. చిక్కబళ్లాపురంలో కందవార చెరువు, గుడిబండ కింద బైరసాగరం, చింతామణి వైపు కైవారం చుట్టుపక్కల చెరువులు, బాగేపల్లిలో చిత్రావతి ఒడ్డు దారులు ఇందుకు పనికొస్తాయి. ఒకే కట్ట మీద ఇరవైసార్లు అటూ ఇటూ తిరగడం విసుగే. ఆ విసుగుకు అలవాటు పడటం సాధనలో సగం. కాలువ గట్టు మీద కూడా గంటల తరబడి ఒకవైపు నీళ్లు, ఒకవైపు కంపచెట్లు తప్ప వేరే దృశ్యం ఉండదు.

చదునైన దారే సులువని అనుకోవద్దు. ఎగుడు దిగుడు దారిలో కండరాలు మారి మారి పనిచేస్తాయి. చదునులో అదే కండరం, అదే కీలు, లక్షసార్లకు పైగా. పిక్కలు, మడమ వెనక నరం, మోకాలి చిప్ప ముందు మొర పెడతాయి. కాబట్టి వారంలో ఒకరోజు కొండ పట్టాలి. నంది ఎటూ ఉంది. చింతామణి వాళ్లకు అంబాజీదుర్గం, గుడిబండ వాళ్లకు ఊరి కోటే ఉంది.

జాతీయ రహదారి 44 పక్కన మాత్రం వద్దు. పేరేసంద్ర మీదుగా బాగేపల్లి దాకా దారి నున్నగా ఉంటుంది, నిజమే. లారీలు, బస్సులు పోయే వేగంలో చీకట్లో మనిషి కనపడడు. పల్లె రోడ్డు మీదైనా ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపున పరుగెత్తాలి, మెరిసే జాకెట్ వేసుకోవాలి. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆరోజే టీకాకు పోవాలి. పసుపు పెట్టి ఊరుకునే రోజులు పోవాలి. వానాకాలంలో కట్ట మీద పాములుంటాయి, టార్చి లేకుండా అడుగు పెట్టొద్దు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం మేలు. దారిలో పెద్దాయన ఎవరైనా 'ఏం నాయనా, బస్సు తప్పిపోయిందా?' అంటే నవ్వి ముందుకు పోవడమే.

అసలు కాలువ గట్టు రుచి చూడాలంటే పక్కనే ఆంధ్రలో హంద్రీ-నీవా ఉంది. శ్రీశైలం వెనక జలాలు పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం దాకా వచ్చేది దీని ద్వారానే. అధికారులను అడిగి, పగటిపూట, తోడుతో మాత్రమే పోవాలి. కాలువ నీళ్లు చూడటానికి నెమ్మదిగా కనిపిస్తాయి. సిమెంటు లైనింగ్ చేసిన ఏటవాలు గోడ మీద చేయి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడు కూడా ఎక్కిరాలేడు. 2018 నవంబరులో మండ్య జిల్లా పాండవపుర దగ్గర బస్సు విశ్వేశ్వరయ్య కాలువలో పడి 30 మంది ప్రాణాలు పోయిన సంగతి ఎవరూ మరిచి ఉండరు. నిద్ర మత్తులో నడిచే రన్నర్‌కు కాలువ గట్టున అసలు ప్రమాదం నొప్పి కాదు, నీళ్లు.

ఎనిమిది నెలలు కావాలి

మే నెలాఖరు పోటీకి సెప్టెంబరులో మొదలుపెట్టాలి. అది కూడా అప్పటికే ఫుల్ మారథాన్ చేసినవాళ్లకు. అంతకు ముందు మెట్టు ఎక్కనివాళ్లు ఇంకో ఏడాది ఆగాలి. వారానికి 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా 80, 90 దాకా పెంచొచ్చు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. ఉద్యోగం, సేద్యం, అంగడి ఉన్నవాళ్లకు వారమంతా పెద్ద పరుగులు కుదరవు. శని, ఆదివారాలే దిక్కు. శనివారం 35 కిలోమీటర్లు చేసి, బరువెక్కిన కాళ్లతోనే ఆదివారం ఇంకో 25 చేయడం ఈ సాధనలో గుండెకాయ లాంటిది. రెండో రోజు పరుగే పోటీలో రెండో రాత్రికి ముందస్తు పరిచయం.

డిసెంబరు, జనవరిలో 50 కిలోమీటర్ల పోటీ ఒకటి, మార్చిలో 80 నుంచి 100 కిలోమీటర్లది ఒకటి పూర్తిచేయాలి. ఒక్కసారైనా రాత్రి పది గంటలకు మొదలుపెట్టి తెల్లవారే దాకా కట్ట మీద నడవాలి. ఇక్కడి డిసెంబరు చలి ఇందుకు బాగా పనికొస్తుంది. ఇంగ్లండులో మే నెల పగలు మనకు హాయిగా ఉన్నా, అర్ధరాత్రి చలి పది డిగ్రీల లోపే. చెమటతో తడిసిన బట్టలతో నడక వేగం పడిపోయాక ఒళ్లు గజగజలాడుతుంది. ఎండకు అలవాటు పడ్డ మనోళ్లు దెబ్బతినేది అక్కడే. పొడి బట్టల జత, చెవుల టోపీ, వాన కోటు సంచిలో ఉండాల్సిందే. ఏప్రిల్‌లో ఇక్కడ ఎండ ముదురుతుంది కాబట్టి ఉదయం నాలుగున్నరకే ఇల్లు వదలాలి. ఆఖరి మూడు వారాలు దూరం బాగా తగ్గించాలి. ఆ వారాల్లో చేతులు ఊరుకోక చేసే అదనపు పరుగు లాభం ఇవ్వదు, గాయం ఇస్తుంది.

పాదం పట్టు తప్పితే..

గడ్డి మీద మంచుకు బూటు తడుస్తుంది. తడిసిన చర్మం ఉబ్బి, మడతపడి, చిరిగి బొబ్బలవుతుంది. పోటీలో కాళ్ల బలం ఉండి కూడా తప్పుకునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. బూటు అరసైజు పెద్దది కావాలి, గంటలు గడిచేకొద్దీ పాదం వాస్తుంది. వేళ్ల మధ్య వాజిలీన్, లేదంటే ఇంట్లోని ఆముదం. ఇసకరేణువు తగిలినా ఆగి తీసేయాలి. ఐదు నిమిషాలు పోతాయని బద్ధకిస్తే ఐదు గంటలు పోతాయి. గోళ్లు పోటీకి నాలుగు రోజుల ముందే కత్తిరించుకోవాలి. కొత్త బూట్లు పోటీ రోజున వేసుకునే సాహసం ఎవరికీ వద్దు.

ముద్ద, మజ్జిగ, చెనక్కాయ

గంటకు 200 నుంచి 300 కేలరీలు లోపలికి పోతూ ఉండాలి. దుకాణంలో దొరికే జెల్ పొట్లాలు ఖరీదు, పైగా పది గంటల తర్వాత తీపి చూస్తేనే వాంతి వస్తుంది. ఇక్కడి వంటింట్లోనే కావాల్సినవి ఉన్నాయి. బెల్లం చెనక్కాయ ఉండలు, ఉప్పు చల్లిన ఉడికించిన ఉర్లగడ్డ, అరటిపండు, పులిహోర, పెరుగన్నం. ముందురోజు రాత్రి రాగి ముద్ద బాగుంటుంది కానీ పరుగు మధ్యలో వద్దు, అరగడానికి సమయం పడుతుంది. పలుచటి రాగి అంబలిలో ఉప్పేసి తాగితే నడిరాత్రి కడుపు ఊరట పడుతుంది. ఏది తినాలన్నా సాధనలో ముందే తిని చూసుకోవాలి. పేగుకూ తాలీము కావాలి.

నీళ్ల విషయంలో ఈ తాలూకాల వాళ్లకు ఇంకో జాగ్రత్త. బాగేపల్లి, చింతామణి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత పీడ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. సాధన రోజుల్లో మామూలు మనిషికి రెట్టింపు నీళ్లు తాగేవాళ్లకు ఫ్లోరైడ్ కూడా రెట్టింపే పోతుంది. ఎముకల మీద ఆధారపడ్డ ఆటలో ఇది చిన్న విషయం కాదు. ఫిల్టరు నీళ్లే సీసాలో నింపుకుపోవాలి.

నీళ్లు ఎక్కువైనా ముప్పే

దాహం లేకపోయినా తాగుతూ పోతే రక్తంలో సోడియం పలుచనై తలనొప్పి, వాంతులు, తికమక, ఆపై ఫిట్స్ వస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో ఒక మహిళా రన్నర్ ఇట్లాగే చనిపోయింది. ఆ పోటీలో 488 మంది రక్తం పరీక్షించిన వైద్యుల నివేదిక 2005లో వెలువడింది. అందులో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువ. దాహమైనప్పుడు తాగడమే సరైన కొలత. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే తెలిసిపోతుంది. బరువు కొంచెం తగ్గితే ఫరవాలేదు. పెరిగిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. లీటరు శుద్ధమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలుపుకుంటే ఇంటి ఓఆర్ఎస్ సిద్ధం.

ఇక నొప్పి మాత్రలు. ఒళ్లు నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగడం మన దగ్గర మామూలు. పరుగులో అది మూత్రపిండాలకు ఎసరు పెడుతుంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో అల్ట్రా రన్నర్లలో ఐబుప్రొఫెన్ తీసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 34 శాతం మందికి మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. మాత్ర లేకుండానే అంత భారం పడుతుంటే మాత్ర కూడా ఎందుకు? మూత్రం కోలా రంగులో వస్తే పోటీ అక్కడితో ఆపి ఆస్పత్రికి పోవాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్లున్నవాళ్లు డాక్టర్ సరేనన్నాకే సాధన మొదలుపెట్టాలి.

పిల్లలను ఇందులోకి దించడం మాత్రం ఎవరికీ తగదు. ఒడిశాలో నాలుగేళ్ల బుధియా సింగ్ చేత 2006లో 65 కిలోమీటర్లు పరుగెత్తించినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది, ఆ వెంటనే ముక్కున వేలేసుకుంది. ప్రభుత్వమే అడ్డుపడాల్సి వచ్చింది.

విదేశం పోకుండానే..

విమాన టికెట్, వీసా, అక్కడ తోడుండే మనిషి.. ఖర్చు తక్కువ కాదు. పైగా పేర్లు ఎక్కువై చీటీలు తీసి అవకాశం ఇచ్చే పోటీ ఇది. రాకుంటే సాధన వృథా పోదు. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో 2022 జులైలో 24 గంటల ఆసియా-ఓషియానియా పోటీలు జరిగాయి. అమర్ సింగ్ దేవందా ఒక్కరోజులో 257 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. 233 కిలోమీటర్లకు 45 గంటలు చాలవేమో అని భయపడేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. అంతకుముందు 2018లో తైపేలో ఉల్లాస్ నారాయణ 250 కిలోమీటర్లు దాటి కంచు పతకం తెచ్చాడు. స్టేడియం పరుగులో దారి తప్పే భయం లేదు, నీళ్లలో పడే భయం లేదు, ఇంటివాళ్లు గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు. తొలి అల్ట్రాకు 12 గంటల స్టేడియం పరుగు మంచి మెట్టు.

ఇంటివాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. ఎనిమిది నెలల శని, ఆదివారాలు ఒకరివి కావు, ఇంటిల్లిపాదివీ. పెళ్లిళ్లు, తిరునాళ్లు, కోత రోజులు అన్నీ ఈ క్యాలెండర్‌కు అడ్డమొస్తాయి. ముందే కూర్చుని ఒప్పందం చేసుకోవడం మేలు. ఏ పరిస్థితిలో పోటీ ఆపేయాలో అప్పుడే రాసి ఇంట్లో ఒకరి చేతిలో పెట్టాలి. రెండో రాత్రి రన్నర్ బుర్ర సరిగా పనిచేయదు. చెట్టు మనిషిలా కనిపిస్తుంది, గట్టు మీద లేని కుక్క కనిపిస్తుంది. అప్పుడు నిర్ణయం తీసుకోవాల్సింది పక్కనున్నవాళ్లు. అందుకే సగం దారి దాటాక తోడు రన్నర్‌ను రానిచ్చే పద్ధతి ఈ పోటీలో ఉంది.

ఆ తోడు మనిషికి ముందుగానే చెప్పి ఉంచాల్సిన చోటు ఒకటుంది. లండన్ శివార్లలో పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్ దగ్గర బుల్స్ బ్రిడ్జి వస్తుంది. తిన్నగా పోతే కాలువ బ్రెంట్‌ఫర్డ్‌కు పోయి థేమ్స్‌లో కలుస్తుంది. లిటిల్ వెనిస్‌కు పోవాలంటే అక్కడ ఎడమకు తిరగాలి. అప్పటికి 210 కిలోమీటర్లు దాటి ఉంటారు, కళ్లు మూతలు పడుతుంటాయి. మలుపు తిరిగాక మిగిలేది 21 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఇంకో హాఫ్ మారథాన్.